పద్దెనిమిది గంటల నాలుగు నిమిషాలు

లోకంలో మనుషులు రెండు రకాలు: పూర్తి మనుషులు, పార్ట్‌టైమ్ మనుషులు. ఈ రెండు జాతుల మధ్య సరిహద్దు వారానికి పద్దెనిమిది గంటలు. ఈ సత్యాన్ని ఏ శాస్త్రవేత్తో, ఏ వేదాంతో కనిపెట్టాడనుకునేరు. కాదు. కనిపెట్టింది మా యూనివర్సిటీ సిబ్బంది వ్యవహారాల విభాగం, మొదటి అంతస్తు, మెట్లెక్కగానే ఎడంపక్క (భోజన విరామం పదకొండున్నర నుంచి మూడు దాకా).

వారానికి పద్దెనిమిది గంటలు పాఠం చెప్పినవాడు పూర్తికాల అధ్యాపకుడు. ఆయనకి గది, గది తలుపు మీద పేరు, రిటైరయ్యేదాకా ఉద్యోగం. ఒక్క నిమిషం తగ్గినా పార్ట్‌టైమ్. అందుకని మా బోటివాళ్ళకి సరిగ్గా పదిహేడు గంటల యాభై నిమిషాల పని ఇస్తారు. ఆ మిగిలిన పది నిమిషాలూ విశ్వవిద్యాలయం బీరువాలో పెట్టి తాళం వేసుకుంటుంది.

నేను భూగోళం చెబుతాను. పద్నాలుగేళ్ళయింది. అంటే ఇరవై ఎనిమిది టర్ములు. అంటే ఇరవై ఎనిమిది సార్లు ఉద్యోగం పోయి, ఇరవై ఏడు సార్లు మళ్ళీ వచ్చింది (ఈ టర్ముది రాసే సమయానికి ఇంకా తేలలేదు). మా ఆవిడ ఆసుపత్రిలో నర్సు. వేరే ఇళ్ళల్లో "భోంచేశారా?" అని అడిగినంత మామూలుగా, టర్ము చివర "వచ్చే టర్ముకి ఉన్నారా?" అని అడుగుతుంది. మా అమ్మాయి స్కూలు ఫారాలు నింపేదీ ఆవిడే. అన్నీ పెన్నుతో నింపి, 'తండ్రి ఉద్యోగం' అన్న గడి దగ్గరికి రాగానే పెన్ను మూత పెట్టి పెన్సిలు తీస్తుంది. ఇన్నేళ్ళలో నన్ను నగలడగలేదు, షికార్లడగలేదు. "ఆ ఒక్క గడీ పెన్నుతో రాసే రోజు చూపించండి చాలు" అంది.

ఇలా ఉండగా ఈ ఏడాది 'పార్ట్‌టైమ్ అధ్యాపకుల పురోగతి, ఉద్యోగ భద్రతా విధానం' విడుదలైంది. అరవై రెండు పేజీలు. దాని ప్రకారం అయిదేళ్ళు నిండితే సీనియర్ పార్ట్‌టైమ్, పదేళ్ళు నిండితే అతి సీనియర్ పార్ట్‌టైమ్, పదిహేనేళ్ళు నిండితే మాననీయ పార్ట్‌టైమ్. హోదా పెరిగినప్పుడు గంటలు మారవు, బల్ల మారదు (ఉన్న ఒక్క బల్లా పదకొండు మందిది). పిలుపు మారుతుంది.

అవగాహన సదస్సులో మా లెక్కల మేష్టారు లేచాడు. పందొమ్మిదేళ్ళుగా పార్ట్‌టైమ్. ఈ విద్యలో మాకందరికీ గురువు.

"అయ్యా, పురోగతి అర్థమైంది. మరి భద్రత ఎక్కడుందండీ?"

"నలభై ఒకటో పేజీ."

అందరం తిప్పాం. 'అధ్యాపకులు తమ గొడుగులు, టిఫిన్ డబ్బాలు తామే భద్రపరచుకొనవలెను' అని ఉంది.

అయితే యాభై ఎనిమిదో పేజీ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది. ఏ అధ్యాపకుడైనా ఏ వారంలోనైనా, హాజరు యాప్ లెక్కన పద్దెనిమిది గంటల బోధన పూర్తిచేస్తే, ఆ క్షణం నుంచి పూర్తికాల అధ్యాపకుడే. ఆ హోదా వెనక్కి తీసుకునే అధికారం ఎవరికీ లేదు. అక్కడిదాకా ఎవరూ చదవరనీ, చదివినా చేరుకోరనీ ధీమాతో రాసి ఉంటారు. మేమూ చదవలేదు.

ఆ యాప్ సంగతి చెప్పాలి. తరగతి గది తలుపు పక్కన ఒక పెట్టె. లోపలికి వెళ్ళేటప్పుడు కార్డు చూపిస్తే గడియారం మొదలు, బయటికి వచ్చేటప్పుడు చూపిస్తే ఆపు. దీన్ని పర్యవేక్షించే సమయపాలన అధికారిని మేం 'గడియారంగారు' అంటాం. మంచివాడే. పదిహేడు గంటల నలభై దాటితే తలుపు దగ్గరికి వచ్చి దగ్గుతాడు. ఆ దగ్గు వినబడగానే నేను నదిని కొండ మీదే వదిలేసి సుద్దముక్క కింద పెట్టేవాణ్ణి. సముద్రంలో కలవడం వచ్చే వారం.

ఆ శుక్రవారం గడియారంగారికి పంటినొప్పి, సెలవు.

ఆఖరి గంట అయిపోయింది. పిల్లలు సంచులు సర్దుకుంటున్నారు. రెండో బెంచీ అమ్మాయి లేచింది. పీజీ ఆఖరి సంవత్సరం. క్లాసులో ప్రశ్నలడిగేది ఆ పిల్ల ఒక్కతే.

"సార్, చదును నేల, అడ్డం ఏమీ లేదు. అయినా నది తిన్నగా పోకుండా వంకర్లెందుకు తిరుగుతుంది?"

పద్నాలుగేళ్ళలో నన్నెవరూ అడగని ప్రశ్న. మిగతావాళ్ళ నోట 'పరీక్షలో వస్తుందా సార్' అన్నది తప్ప నేను వేరే సందేహం విని ఎరగను. ఇంకేముంది, ఒళ్ళు మరిచిపోయాను. బోర్డు తుడిచి నది గీశాను. వెళ్ళబోయిన పిల్లలు కూడా సంచులు దింపారు. ఆ అమ్మాయే బోర్డు దగ్గరికి వచ్చింది. "అంటే సార్, చిన్న వంకర పడితే చాలు! బయటి గట్టు పక్కన నీళ్ళు జోరుగా పోయి నేలని కోస్తాయి, లోపలి గట్టు పక్కన మెల్లగా పోయి ఒండ్రు దింపుతాయి. అందుకే వంకర పెరుగుతూనే ఉంటుంది, అంతేనా?" అని ఎగిరి గంతేసినంత పని చేసింది. అంతే. అంతకంటే ఒక మేష్టారికి ఏం కావాలి?

బయటికి వచ్చి కార్డు చూపించాను. పెట్టె ఎప్పుడూ లేనిది వీణ మోగినట్టు మోగింది. 'అభినందనలు! 18 గంటల 4 నిమిషాలు. మీరు పూర్తికాల అధ్యాపకులు. మీ గది నంబరు 214.'

సోమవారం పొద్దున్నే బుగ్గ వాచిన గడియారంగారు నన్ను మెట్ల కింద పట్టుకున్నాడు.

"ఏంటి సార్ ఈ పని? మీరు పెద్దమనిషి అనుకున్నానే!"

"ఏం చేశానండీ?"

"ఏం చేశారా? పాఠం చెప్పారు! అదీ గంట కొట్టాక!"

సంగతి పైదాకా పోయింది. ఆఖరి పద్నాలుగు నిమిషాలూ బోధన కాదు, కబుర్లు అని నన్ను ఒక కాగితం మీద సంతకం పెట్టమన్నారు. పెడితే ఏడాది ముందే మాననీయుణ్ణి చేస్తామన్నారు. లెక్కల మేష్టారు నా భుజం పట్టుకుని, "చచ్చినా పెట్టకు. పందొమ్మిదేళ్ళలో మనలో ఒక్కడు గట్టెక్కాడు. నువ్వు మళ్ళీ దూకావంటే నీతో మాట్లాడను" అన్నాడు. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ, "సంతకం పెడితే గుమ్మంలోకి రావద్దు" అంది. పెట్టలేదు.

దాంతో విచారణ సంఘం వేశారు. ముగ్గురు సభ్యులు. అధ్యక్షుడు మా హెడ్డుగారు (ఆయన ఆఖరిసారి క్లాసులోకి వెళ్ళి ఆరేళ్ళయింది, అదీ గొడుగు మరిచిపోతే తెచ్చుకోవడానికి). జరిగింది బోధనా, కబుర్లా అన్నది తేల్చాలి. నాలుగు సమావేశాలు పెట్టి నిర్వచనం తయారుచేశారు: 'ఎదుటివారికి అర్థమైతే అది బోధన. అర్థం కాకపోతే కబుర్లు.' (ఈ నిర్వచనం పూర్తికాల అధ్యాపకులకు వర్తించదని అడుగున గమనిక.) కాబట్టి ఆ అమ్మాయిని పిలిచి అదే ప్రశ్న అడుగుతారు. చెబితే నేను పర్మనెంటు. సాక్షితో నేను ముందుగా మాట్లాడకూడదని షరతు.

నేను నవ్వుకున్నాను. ఆ పిల్లని నిద్రలో లేపి అడిగినా చెబుతుంది.

విచారణ రోజు నన్ను గోడవార కుర్చీలో కూర్చోబెట్టారు. అమ్మాయి వచ్చింది, నమస్కారం పెట్టింది.

"చూడమ్మా," అన్నారు హెడ్డుగారు, "చదును నేల మీద నది తిన్నగా పోకుండా వంకర్లెందుకు తిరుగుతుంది?"

అమ్మాయి నా వంక చూసింది. పూర్తి జవాబు నా నాలిక చివర ఉంది.

"తెలీదు సార్."

"భయపడకు. ప్రయత్నించు."

"దాని ఇష్టం సార్."

హెడ్డుగారు తల ఊపారు. (జవాబు సరైనదేనని ఆయన అనుకున్నట్టు నాకు గట్టి అనుమానం.)

"మరి మీ సారు పద్నాలుగు నిమిషాలు మాట్లాడారు కదా, ఏమైనా అర్థమైందా?"

"ఒక్క ముక్క అర్థం కాలేదు సార్. ఎప్పుడూ కాదు."

ముగ్గురూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. టీ తెప్పించారు. నాక్కూడా ఇచ్చారు.

వరండాలో ఆ పిల్ల నా కోసం ఎదురుచూస్తోంది. మొహం వెలిగిపోతోంది. "కాపాడేశాను సార్!" అంది. "గడియారంగారు చెప్పారు, మీరు గీత దాటారని, విచారణ పెట్టారని. నాకు అర్థమైందంటే మిమ్మల్ని తీసేస్తారు కదా సార్? అందుకే పళ్ళు బిగబట్టి కూర్చున్నా. జవాబు మొత్తం గొంతులోనే ఉంది సార్, బయటికి రాకుండా ఎంత కష్టపడ్డానో!"

ఒక్క క్షణం ఆ గోడకేసి తల బాదుకుందామనిపించింది. మరుక్షణం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇరవై ఎనిమిది టర్ముల్లో నా ఉద్యోగం ఉండాలని కోరుకున్న మనిషి యూనివర్సిటీలో లెక్కల మేష్టారు తప్పిస్తే ఆ పిల్ల ఒక్కతే. ఏమని తిట్టను?

"చల్లగా ఉండు తల్లీ" అన్నాను.

ఇంట్లో విషయం చెప్పాను. మా ఆవిడ అంతా విని, "ఆ పిల్లతో నిజం చెప్పారా?" అంది.

"లేదు."

"మంచి పని చేశారు. చిన్న పిల్ల, కుమిలిపోతుంది" అని వంటింట్లోకి వెళ్ళింది. చాలాసేపు కుళాయి కట్టలేదు.

వారంలో ఉత్తర్వు వచ్చింది. ఒకటి, సదరు పద్నాలుగు నిమిషాలు కబుర్లుగా నిర్ధారించడమైనది. రెండు, పద్నాలుగు నిమిషాలు చెప్పి ఒక విద్యార్థినికి ఒక్క ముక్క కూడా అర్థం చేయించలేకపోయినందున, మాననీయ హోదాకు సదరు అధ్యాపకుడు అనర్హుడు. మూడు, ఉద్యోగ భద్రతను మరింత పటిష్ఠం చేసే దిశగా, ఇకపై పార్ట్‌టైమ్ గంటలు సగానికి తగ్గించడమైనది. ఎనిమిది గంటల యాభై అయిదు నిమిషాలు. (ఎంత లావు సందేహం వచ్చినా తొమ్మిది గంటలు సాగదు కదా అని సంఘం లెక్క. లెక్క మంచిదే.)

నా దగ్గర్నుంచి కోసిన సగానికి కొత్త పోస్టు పుట్టింది. ప్రకటన వేశారు, ఇంటర్వ్యూలు పెట్టారు. ఈ మధ్యనే పీజీ పాసైన ఒకరిని ఎంపిక చేశారు. మొదటి ర్యాంకు. సంఘం ముందు హాజరైనప్పుడు విశ్వవిద్యాలయ ప్రయోజనాలకు అనుకూలంగా వ్యవహరించిన రికార్డు కూడా ఉంది.

చేరిన రోజు ఆ అమ్మాయి తిన్నగా మా బల్ల దగ్గరికే వచ్చింది. పన్నెండో మనిషి కాబట్టి కుర్చీ లేదు, నిలబడే మాట్లాడింది.

"మీ లాగా చెప్పాలని ఉంది సార్. రేపే మొదటి క్లాసు. సీనియర్‌గా ఒక్క సలహా ఇవ్వండి."

"అతి సీనియర్‌ని" అన్నాను. "ఏం లేదమ్మా. ఎవరికీ ఏమీ అర్థం కాకుండా జాగ్రత్తగా చెప్పు. పదికాలాలపాటు ఉంటావు."

కొత్త డైరీ తీసి, మొదటి పేజీలో తేదీ వేసి, పొల్లుపోకుండా రాసుకుంది.