ముప్ఫయ్యేళ్ళు ముందే వచ్చిన నీటి ఎద్దడి

నీళ్ళ ఆఫీసులో ఆ ఇంజనీరును అందరూ యాభయ్యేళ్ళాయన అంటారు. రేపటి సంగతి అడిగినా యాభయ్యేళ్ళ తర్వాతి సంగతే చెబుతాడు మరి. రాబోయే యాభయ్యేళ్ళూ నగరానికి నీళ్ళెక్కడి నుంచి తేవాలో ఆరేళ్ళు కూర్చుని ప్రణాళిక రాశాడు. నగర సభ దాన్ని రెండుసార్లు వాయిదా వేసింది. మూడోసారి ఇవాళ పదకొండింటికి చర్చకు వస్తోంది. నెలాఖరుకు ఆయన రిటైరవుతున్నాడు. ఇవాళ గట్టెక్కకపోతే అది బీరువాలో చెదల పాలే.

పొద్దున్నే భోజనాల బల్ల మీద నగర పటం పరిచి, చెప్పాల్సిందంతా ఇంకోసారి వల్లె వేసుకుని బయల్దేరాడు. హడావుడిలో పటం బల్ల మీదే ఉండిపోయింది. ముందుముందు నీళ్ళందకుండా పోయే వీధులకు ఎరుపు పూయడం ఆయన పద్ధతి. అది ఏ ఏడాది మాటో మాత్రం వేరే కాగితంలో రాస్తాడు. ఆయన సొంత వీధి వంతు ఇంకో ముప్ఫయ్యేళ్ళకని రాసి ఉన్న ఆ కాగితం ఆయన సంచీలో ఉంది.

ఆరేళ్ళుగా ఆ పటం వంక కన్నెత్తి చూడని భార్య, బల్ల తుడవబోయి ఇవాళ చూసింది. తమ వీధి ఎర్రగా ఉంది. వెంటనే ఫోన్ చేసింది.

"ఏమండీ, మన వీధికి నీళ్ళు రావా?"

ఆయన కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళకు ఇంట్లో మనిషి తన పని గురించి అడిగింది.

"రావు. మొత్తుకుంటూనే ఉన్నా, ఒక్కడూ వినడు."

"మరి మనమేం చెయ్యాలి?"

"ఇప్పట్నుంచే నిల్వ చేసుకోవాలి," అన్నాడు గంభీరంగా.

ఆవిడ బకెట్లూ గిన్నెలూ నింపి, పక్క వీధిలో ఉన్న వదినకు చెప్పింది. నీళ్ళ ఇంజనీరు ఇంట్లోంచి వచ్చిన మాట కదా, ఎవరికీ అనుమానం రాలేదు. ఆ మాట వీధి నుంచి వీధికి పాకడంతో, పదింటికల్లా ఊరంతా కొళాయిలు బార్లా తిప్పేసింది. రిజర్వాయరులో నీళ్ళు గీత కిందికి దిగితే సరఫరా ఆపెయ్యాలన్నది నియమం. పంప్‌హౌస్ ఆపరేటరు నియమం తప్పే మనిషి కాదు, ఆపేశాడు.

సభాధ్యక్షుడు మూడో వాయిదాకు నోరు తెరిచేసరికి భవనంలో కొళాయిలు ఎండిపోయాయి. సభ్యులకు ఇళ్ళ నుంచి ఫోన్లు మొదలయ్యాయి. అందరూ ఇంజనీరు వైపు భయభక్తులతో చూశారు. అప్పుడే ఆయనకూ ఫోన్ వచ్చింది. పటంలో మన వీధి ఎర్రగా ఉందని స్నానాల తొట్టి దాకా నింపేశాను, వదినావాళ్ళకీ చెప్పాను, మీరన్నట్టే కొళాయి ఆగిపోయింది, ఈ నీళ్ళు ఎన్నాళ్ళొస్తాయని భార్య అడుగుతోంది.

జరిగిందేమిటో ఆయనకప్పుడు అర్థమైంది. నోరు మూసుకుంటే చాలు, ప్రణాళిక గట్టెక్కుతుంది. కానీ అబద్ధం మీద గెలవడానికి మనసొప్పలేదు. తల వంచుకుని జరిగిందంతా చెప్పేశాడు.

"అంటే, ఊళ్ళో నీళ్ళున్నాయన్నమాట," అన్నాడు అధ్యక్షుడు.

"ఉన్నాయండీ. అందరి బకెట్లలో."

ఇక ఆశ వదులుకుని కాగితాలు సర్దుకోసాగాడు. అధ్యక్షుడు ఆయన్ని ఆపాడు.

"ఆ పటం ఇప్పుడెక్కడుంది?"

"వీధిలో అందరూ వచ్చి చూస్తున్నారని, మా ఆవిడ గేటుకి తగిలించిందటండీ. ఎవరి వీధి ఎర్రగా ఉందో చూసుకుని, ఆ వీధికి ఓట్లడగడానికొచ్చే సభ్యుడెవరని వాకబు చేస్తున్నారట."

పదకొండు నిమిషాల్లో ప్రణాళిక ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. ఆయన కన్నీళ్ళు ఆపుకోలేకపోయాడు. తీర్మానం చివర సభ తన కృతజ్ఞతలు కూడా నమోదు చేసింది, ఇంజనీరుగారి భార్యకు.