లూనెడ్ కారు నడిపిన వైనం

గత ఏప్రిల్‌లో మా పాంట్‌వెన్ లోయలోని యువతీయువకులకు స్వాతంత్ర్యం ప్రసాదించబడింది. ఛాపెల్ అనే మా చిన్న ప్రార్థనామందిరం వెనక హాల్లో ఏర్పాటైన సభలో కౌన్సిలర్ గ్విలిమ్ ప్రోథరో గారు, పట్నం వెళ్లే ఏకైక బస్సును రద్దు చేస్తున్న శుభవార్తను స్వయంగా వినిపించారు.

"బస్సన్నది మనిషిని తన వేళలకు బానిసను చేస్తుంది. ఎవరో నిర్ణయించిన గంటకి, ఎవరో నిర్ణయించిన స్టాపులో మన బిడ్డలు వానలో తడుస్తూ నిలబడే దుర్గతి నేటితో అంతరించింది. ఇకపై ఈ లోయలో ప్రతి యువకుడూ తన ప్రయాణానికి తానే యజమాని!" అని ఆయన ఉద్ఘాటించారు.

మేమందరం చప్పట్లు కొట్టాం. ఆ తర్వాత టీ, ఎండుద్రాక్ష రొట్టె ఇచ్చారు. రొట్టె బాగుంది.

స్వాతంత్ర్యం పొందినవారిలో పద్దెనిమిదేళ్ల లూనెడ్ ప్రోబర్ట్ ఒకతె. తల్లీ తండ్రీ చెరో ఊరికి విడిపోయాక తాత యూర్విన్ దగ్గర పెరిగిన పిల్ల. ఆ వారంలోనే ఆమెకు ఉద్యోగం దొరికింది. కొండల మీద ఒంటరిగా ఉంటున్న ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి, వాళ్లను పక్క మీంచి లేపి, ఒళ్లు కడిగి, మాత్రలు మింగించి, గంజో రొట్టో తినిపించడం ఆ ఉద్యోగం. కంపెనీ వారి షరతు ఒకటే: సొంత కారు ఉండాలి. జీతం ముసలివాళ్ల ఇంట్లో గడిపిన నిమిషాలకు మాత్రమే లెక్క కడతారు. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి కారులో పోయే సమయం ఆమె సొంత విహారం. కొండదారుల్లో, పొగమంచులో షికారు చేస్తూ దానికి జీతం కూడా అడిగే దురాశాపరులను ఆ కంపెనీ ఉద్యోగంలోకి తీసుకోదు.

లూనెడ్ రెండేళ్లపాటు చేపల వేపుళ్ల దుకాణంలో శని ఆదివారాలు పనిచేసి దాచిన తొమ్మిది వందల పౌండ్లతో, పై పొలం గొర్రెల రైతు దగ్గర చిన్న కారు కొన్నది. అది ఒకప్పుడు ఎర్ర కారు. వెనక సీటులో ఆరేడు తరాల గొర్రెపిల్లలు ప్రయాణించి ఉన్నాయి.

"వాసనొస్తోందే," అంది లూనెడ్.

"రెండు వానలు పడితే పోతుందిలే అమ్మాయ్."

"వానకీ లోపలి వాసనకీ ఏం సంబంధం?"

"ఆ పక్క కిటికీ మూసుకోదుగా," అన్నాడు రైతు. అదొక అదనపు సౌకర్యమన్నట్టు చెప్పాడు.

తర్వాత బీమా కోసం ఫోన్ చేసింది. అవతల మాట్లాడిన అబ్బాయి ఎంతో మర్యాదస్తుడు. రెండువేల ఏడువందల పౌండ్లు అని చెప్పేటప్పుడు కూడా అతని గొంతులో తేనె తగ్గలేదు.

"కారు ఖరీదే తొమ్మిది వందలండీ!"

"మేం బీమా చేసేది కారుకి కాదండీ, మీకు. మీ వల్ల ఇతరులకు జరగబోయే దానికి."

"నేనింకా ఎవర్నీ ఏమీ చెయ్యలేదుగా."

"సమస్య అక్కడేనండీ. మీకు అనుభవం లేదు."

"నడపనివ్వకపోతే అనుభవం ఎలా వస్తుంది?"

"చాలా మంచి ప్రశ్నండీ. మా సేవకు పదికి ఎన్ని మార్కులు వేస్తారు?"

అయితే ఆ సంస్థ హృదయం లేనిది కాదు. ఇంట్లో లైసెన్సున్న పెద్దవారి పేరు కూడా చేరిస్తే ధర తగ్గుతుందని అబ్బాయి సలహా ఇచ్చాడు. లూనెడ్ తాతవైపు చూసింది. యూర్విన్‌కు ఎనభై ఒక్కేళ్లు. రెండు కళ్లలోనూ శుక్లాలు. కప్పులో టీ ఎంత నిండిందో చప్పుడును బట్టి తెలుసుకుంటాడు. తన జీవితకాలంలో రెండు ట్రాక్టర్లను ఏట్లోకి దింపాడు గానీ, ట్రాక్టర్లు కార్లు కావు గనుక అవి లెక్కలోకి రావు. పదేళ్లుగా అసలు స్టీరింగే ముట్టలేదు కాబట్టి పదేళ్లుగా ఒక్క ప్రమాదమూ లేదు. ఇంతటి మచ్చలేని చరిత్ర మా లోయలో ఇంకెవరికీ లేదు. లైసెన్సు పొడిగించుకునేటప్పుడు, తన చూపు దివ్యంగా ఉందని ఆయనే సంతకం చేసి ఇచ్చాడు. సంతకం ఎక్కడ పెట్టాలో పోస్టాఫీసావిడ ఆయన చెయ్యి పట్టుకుని చూపించింది.

ఆయన పేరు చేర్చగానే ఏడు వందలు తగ్గింది.

"నా విలువ ఏడు వందలని మీ అమ్మమ్మ బతికుండగా ఎవరైనా చెప్పుంటే కాస్త మర్యాదగా చూసేదే," అని నిట్టూర్చాడు యూర్విన్.

మిగిలిన రెండువేలు నెలనెలా కట్టుకోవచ్చు. ఒకేసారి కట్టలేని పేదవారి పట్ల జాలితో, కొంచెం ఎక్కువ వసూలు చేస్తారు, అంతే. దానికి తోడు కారులో ఒక నల్లపెట్టెను ఉచితంగా బిగించారు. అది లూనెడ్ ఎంత వేగంతో వెళ్లిందో, ఎక్కడ బ్రేకు వేసిందో, మలుపు ఎలా తిప్పిందో అన్నీ గమనించి కంపెనీకి చెబుతుంది. కంపెనీ ఆమెకు ఫోన్లో సందేశాలు పంపుతుంది. "హాయ్ లూనెడ్! ఈ వారం నీ మలుపులు మాకు అంతగా నచ్చలేదు!" అని ఒకటి. మా లోయలో మలుపు కాని రోడ్డు చర్చి గేటు ముందు ఒక్క గజం ఉంది. "హాయ్ లూనెడ్! ఎందుకలా హఠాత్తుగా ఆగుతున్నావు?" అని మరొకటి. ఆగకపోతే గొర్రె చచ్చేది. కానీ గొర్రె సంగతి పెట్టెకు తెలియదు. మార్కులు తగ్గాయి. మార్కులు తగ్గాయి కాబట్టి నెలవారీ కిస్తీ పెరిగింది.

శరదృతువులో కారుకు వార్షిక తనిఖీ వచ్చింది. గ్యారేజీ డెల్మే కారు కింద పడుకుని చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక చేతులు తుడుచుకుంటూ, "కారు బాగానే ఉందమ్మా. ముందు భాగం, వెనక భాగం, అడుగు భాగం చూసుకోవాలంతే," అన్నాడు.

"అంటే ఏం మిగిలింది డెల్మే?"

"హారన్ బ్రహ్మాండంగా ఉంది."

టైర్లు, సైలెన్సరు, తుప్పు పట్టిన చోట అతుకులు. కారు కోసం ఉద్యోగం, ఉద్యోగం కోసం కారు. లూనెడ్ ఆదాయం మొత్తం ఆదాయం సంపాదించడానికే చక్కగా సరిపోయేది. ఆర్థికవేత్తలు దీన్ని స్వయంసమృద్ధి అంటారు. మధ్యాహ్నాలు ఆ పిల్ల ముసలివాళ్లు వదిలేసిన రొట్టె అంచులు తినేదని కొందరు అనుకున్నారు. అయినా ముఖం మాడ్చుకుని ఎవరింటికీ వెళ్లలేదు. "ఈ పిల్ల వస్తేనే పొద్దు పొడిచినట్టు," అనేవాళ్లు ముసలివాళ్లు. పొగడ్తకు పైసా ఖర్చు లేదు గనుక అందరమూ ధారాళంగా పొగిడేవాళ్లం.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం, కొండ మీద ఒల్వెన్ టీచరమ్మ ఇంటికి వెళ్లేసరికి ఆవిడ వంటింట్లో నేల మీద పడి ఉంది. మా లోయలో సగం మందికి ఎక్కాలు నేర్పిన మనిషి. మూతి ఒక పక్కకు జారిపోయింది. లూనెడ్ అంబులెన్సుకు ఫోన్ చేసింది.

"నాలుగు గంటలు పట్టొచ్చు," అంది అవతలి ఆడమనిషి. "కదిలించకుండా, ధైర్యం చెబుతూ ఉండండి."

"నాలుగు గంటలా? ఆవిడకి మాట పడిపోతోందండీ!"

 అవతల గొంతు తగ్గించి, "నేను చెప్పానని ఎక్కడా అనకు. కారుంటే వేసుకుని వచ్చెయ్ తల్లీ," అందావిడ.

ఒళ్లు కడగడం కోసం రోజూ ఎత్తే మనిషే గనుక, లూనెడ్ ఒల్వెన్ టీచరమ్మను నడుం పట్టి ఎత్తి, ముందు సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి బయల్దేరింది.  పెద్దరోడ్డెక్కాక యాక్సిలేటరు నేలకు తొక్కింది. మూసుకోని కిటికీలోంచి వాన ఇద్దరినీ తడిపేస్తోంది. టీచరమ్మ నోట్లో మాట ముద్దముద్దగా తిరుగుతోంది.

"ఏంటి టీచర్? నొప్పిగా ఉందా?"

"గే... గేరు... మార్చు," అంది టీచరమ్మ.

లూనెడ్ ఏడుస్తూనే గేరు మార్చింది.

సమయానికి తెచ్చారనీ, ఇంకాస్త ఆలస్యమైతే ఆవిడ ఇక మాట్లాడేది కాదనీ డాక్టరు చెప్పాడు. సాయంత్రం ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఉండగా సందేశం వచ్చింది. "హాయ్ లూనెడ్! ఇవాళ నీ వేగం చూసి మేం ఎంతో ఆందోళన చెందాం." అతివేగం ఒక తప్పు. ఎందుకని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పింది; తాను చూసుకునే ముసలివాళ్లను కారెక్కించుకోవడం పాలసీలో లేదు గనుక అది ఇంకో తప్పు. బీమా రద్దయింది. ఒకసారి రద్దయిన మనిషి కాబట్టి, తక్కిన కంపెనీలు ఆరువేలకు తక్కువ మాట్లాడలేదు.

ముసలివాళ్ల కంపెనీ మేనేజరు స్వయంగా ఫోన్ చేశాడు. "నీ సాహసానికి మేమంతా గర్విస్తున్నాం లూనెడ్. నీలాంటివాళ్లే మన సంస్థకు ఆత్మ. ఇంతకీ కారుకి బీమా లేదుగా, సోమవారం నుంచి రానక్కర్లేదు."

ఒక ప్రాణం నిలబెట్టిన యువతిని ఊరికే వదిలేసేంత కృతఘ్నులం కాము. హాల్లో సన్మానం చేశాం. ప్రోథరో గారు కదిలించే ప్రసంగం చేశారు. "నేటి యువతకు బాధ్యత తెలియదనే వారికి ఈ బిడ్డ చెంపపెట్టు! ఈమె స్టీరింగ్ పట్టింది తన కోసం కాదు, మన కోసం!" అంటూ ఆమెకు యాభై పౌండ్ల పెట్రోలు కూపను బహూకరించారు. రెండు ముక్కలు మాట్లాడమన్నాం.

"నాకు బీమా కావాలి," అంది లూనెడ్.

ఎంత అమాయకురాలో అని అందరం ఆప్యాయంగా నవ్వుకున్నాం.

ఆ తర్వాత రెండు వారాలు కొండ మీద ముసలివాళ్లను లేపేవాళ్లు లేరు. కంపెనీ ప్రకటన ఇచ్చింది. సొంత కారున్న యువతీయువకులు ఎందుకో ముందుకు రాలేదు. కొందరు ముసలివాళ్లు పక్క మీదే ఉండిపోయారు. మా అమ్మ కూడా వాళ్లలో ఉంది. రోజూ తప్పకుండా ఫోన్ చేసి, లూనెడ్ వచ్చిందా అని అడిగేవాణ్ని.

అప్పుడు యూర్విన్ ఫోన్ తీసుకుని బీమావాళ్లకు కలిపాడు. తన ఒక్కడి పేరు మీద, అదే కారుకు.

"మూడువందల పది పౌండ్లండీ," అన్నాడు ఆ మర్యాదస్తుడైన అబ్బాయి.

"నల్లపెట్టె ఎప్పుడు బిగిస్తారు బాబూ?"

"అయ్యో, మీవంటి అనుభవజ్ఞులకు పెట్టె దేనికండీ!"

కాబట్టి ఇప్పుడు కారు యూర్విన్ నడుపుతున్నాడు. లూనెడ్ పక్కన కూర్చుంటోంది. కంపెనీ ఆమెను సంతోషంగా తిరిగి చేర్చుకుంది. డ్రైవరున్న ఉద్యోగి తమకు ఈమె ఒక్కతేనని గర్వపడింది కూడా. మొదటిరోజు లూనెడ్ భయంతో కళ్లు మూసుకుందట. కారులో ఒక్కరైనా కళ్లు తెరిచి ఉండాలని గుర్తొచ్చి వెంటనే తెరిచిందట.  కిటికీ మూసుకోదు గనుక వాళ్ల మాటలు దారి పొడుగునా మా అందరికీ వినిపిస్తుంటాయి.

"ఎడమకి తాతయ్యా. ఇంకొంచెం. అంత కాదు!"

"ముందున్నది గొర్రెనా?"

"పోస్టు డబ్బా."

"కదులుతోందే?"

"మనం కదులుతున్నాం తాతయ్యా. ఆపు. ఆపు!"

మేం ఎవరమూ ఫిర్యాదు చెయ్యలేదు. ఆ చప్పుడు వినబడగానే కంచెలోకి తప్పుకోవడం పిల్లలకు బడిలోనే నేర్పుతున్నాం.

మొన్న మంగళవారం ఉదయం వంతెన దగ్గర కానిస్టేబుల్ హైవెల్ ఆ కారును ఆపాడు. కొత్తగా బదిలీ మీద వచ్చిన పై అధికారి గట్టిగా చెప్పి పంపాడట, ఆపక తప్పలేదు. వెనక మా కార్లు బారుగా ఆగిపోయాయి.

"తాతా, నియమం ప్రకారం ఇక్కణ్నుంచి నా బండి నంబరు చదవాలి."

"నీ బండి ఎక్కడుంది నాయనా?"

హైవెల్ వాచీ చూసుకున్నాడు. వాళ్లమ్మ తుంటి విరిగి మంచంలో ఉంది. లూనెడ్ వెళ్లి లేపాల్సిన తర్వాతి ఇల్లు అదే. అతను పెద్దాయన చెయ్యి పట్టుకుని నాలుగడుగులు ముందుకు తీసుకెళ్లాడు. ఆగాడు. ఇంకో నాలుగడుగులు. చివరికి యూర్విన్ వంగి, నంబరు పలకకు ముక్కు ఆనించి, ఒక్కో అక్షరం తప్పు లేకుండా చదివాడు.

"చూపు భేషుగ్గా ఉంది," అని హైవెల్ మా అందరికీ వినబడేలా ప్రకటించాడు. తర్వాత లూనెడ్ వైపు వంగి, "అమ్మ ఎనిమిదింటి నుంచీ ఎదురుచూస్తోంది. నేను ముందు నీలం దీపం వేసుకుని వెళ్తాను. తాతా, అది కనిపిస్తుందా?" అన్నాడు.

"ఆఁ, అది కనిపిస్తుంది," అన్నాడు యూర్విన్.

లూనెడ్ తల తిప్పి, వెనక వరుసగా ఆగి ఉన్న మా వైపు ఒకసారి చూసి, బెల్టు సరిచేసుకుంది. పోలీసు బండి ముందు, యూర్విన్ దాని వెనక, ఆయన వెనక మేమూ ఊరేగింపుగా కొండెక్కాం. చట్టం తన పని తాను చేసుకుపోయింది. ఎవరమూ హారన్ కొట్టలేదు. మేం మొత్తం పదకొండు కార్ల వాళ్లం, అందరం నడివయసు దాటినవాళ్లం, చౌకగా బీమా దొరికినవాళ్లం, ఆ కొండ దారినే రోజూ పోయేవాళ్లం. మా అందరి కార్లలోనూ పక్క సీటు ఖాళీగానే ఉంది.