హెచ్చరికలు లేని లిఫ్టు

లిఫ్టులు నడిపే ప్రోగ్రాములు రాసే ఆ ఆఫీసులో ఒక శుభదినాన సర్క్యులరు వెలువడింది. శుక్రవారానికల్లా హెచ్చరికలు సున్నా కావాలట. సున్నా చేసినవాళ్లకే ప్రమోషన్లట.

హెచ్చరికలంటే మరేం కాదు. రాసిన కోడును ముందే చదివి తప్పులు పట్టే లింటర్ అనే సాధనం ఒకటుంది. ఆఫీసంతా దాన్ని ‘అత్తగారు’ అనేది. “ఈ లైను ఎప్పటికీ అమలు కాదు”, “ఈ విలువ దాచారు, వాడలేదు” అని పొద్దస్తమానం సణుగుతుంది. అంతమంది పెద్దమనుషుల్ని పట్టుకుని అలా అనొచ్చునా?

తలుపుల విభాగం ప్రోగ్రామరమ్మ ఆ ప్రమోషను కోసం ఆరేళ్లుగా కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తోంది. ఆమెకు మిగిలింది ఒకే ఒక్క హెచ్చరిక: ‘తలుపు తెరువు’ అనే ఆజ్ఞ రాశారు, ఎక్కడా వాడలేదు.

“దిద్దాలంటే రెండ్రోజులు పడుతుందండీ,” అన్నాడు పక్క సీటాయన. “పైన ‘ఇక్కడ చూడొద్దు’ అని ఒక్క లైను రాసెయ్యండి. అత్తగారు నోరెత్తదు. మేమంతా చేసిందదే.”

ఆమె మనసు ఒప్పుకోలేదు. ఆరేళ్లు గుర్తొచ్చి వెంటనే ఒప్పుకుంది.

శుక్రవారం సభలో మేనేజరుగారు గొంతు సవరించుకున్నారు. “తప్పులు చేయని సంస్థలు చాలా ఉండొచ్చు. మనకు అసలు తప్పులే కనిపించవు!” చప్పట్లు మారుమోగాయి. ప్రమోషను కాగితం పై అంతస్తులో ఇస్తానంటూ ఆయన, ఆ ప్రోగ్రాములతోనే నడిచే కొత్త లిఫ్టు తలుపు తీసే ఉంటే ఎక్కారు. ఆమె మెల్లగా మెట్లవైపు జరిగింది.

“మెట్లెందుకమ్మా? నువ్వు రాసిందేగా!”

కాదంటే కారణం చెప్పాలి. ఎక్కింది.

లిఫ్టు ఏడో అంతస్తుకు హాయిగా చేరింది. తలుపు తెరుచుకోలేదు. కిందికొచ్చింది, తెరుచుకోలేదు. మేనేజరుగారు ప్రమాద గంట నొక్కారు. చప్పుడు లేదు. వాచ్‌మన్‌కి ఫోను చేస్తే, “గంట కూడా హెచ్చరికేగా సార్! మీ సర్క్యులరు చూసి నిన్ననే వైరు పీకేశా,” అన్నాడు వినయంగా.

“ఓరి దేవుడా!” మేనేజరుగారు ఆమెవైపు తిరిగారు. “ఇలా అవుతుందని నీకు ముందే తెలుసా?”

“తెలుసండీ.”

“మరి ఒక్కరైనా చెప్పలేదేం?”

“చెప్పినదాని నోరు మూయించాం కదండీ.”

మూడు గంటల తర్వాత తలుపు బద్దలుకొట్టి ఇద్దర్నీ బయటికి లాగారు. విచారణ సంఘం నిజం తేల్చింది. అత్తగారు ముందే చెప్పిన మాట వాస్తవమేననీ, మర్యాదగా చెప్పలేదనీ, కనుక దాన్ని శాశ్వతంగా తొలగించాలనీ. ప్రోగ్రామరమ్మకు ప్రమోషను వచ్చింది. హోదా: హెచ్చరికల నిర్మూలనాధికారి. ఇప్పుడామె రోజూ ఏడంతస్తులూ మెట్లెక్కే వస్తుంది.

నవ్వకండి. మీ లిఫ్టు తలుపు ఈ పూట తెరుచుకుందంటే, ఎక్కడో ఎవరో ఇంకా సణుగుతున్నారన్నమాట. వాళ్లను నిన్న మీరేమని కసిరారు?