ఫిర్యాదులకు తెల్లరంగు

ఫిర్యాదుల శాఖ వెబ్‌సైట్‌లో టేబుళ్ల యుగం ముగిసిందనీ, రేపటి నుంచి స్టైల్ షీట్ల యుగం మొదలవుతుందనీ మంత్రిగారు ప్రెస్‌మీట్‌లో ప్రకటించారు. ఆ రెండింటిలో ఏదీ ఆయనకు తెలియదు. తెలిసిన విషయాలు ప్రకటించడానికి మంత్రే కావాలా?

ఆ వెబ్‌సైట్ చూసే కాంట్రాక్టు ఉద్యోగి నేనే కాబట్టి చరిత్రను దగ్గర్నుంచి చూసే భాగ్యం కలిగింది. పాత పేజీ అంతా టేబుళ్లే, అంటే గళ్లు. గడిలో గడి, ఆ గడిలో మరో గడి. ఒక్క ఫిర్యాదు పీకేస్తే పక్క గడి దాని చోట్లోకి జరిగేది, ఆస్పత్రి గోడు రోడ్ల శాఖ కింద తేలేది, పేజీ అంతా వంకర పోయేది. పీకలేక, చూస్తూ ఊరుకోలేక, పాత మంత్రిగారు అప్పుడప్పుడూ ఒకటీ అరా నిజంగానే పరిష్కరించేవారు. అంత వెనకబడి ఉండేవాళ్లం.

మా డైరెక్టరు మంత్రిగారికి ఓపిగ్గా వివరించాడు.

"సార్, ఫిర్యాదులు ఒక ఫైల్లో ఉంటాయి. అవి ఎలా కనపడాలో ఇంకో ఫైల్లో రాస్తాం. అదే స్టైల్ షీట్. మొదటిదాన్ని ముట్టుకోనక్కర్లేదు."

"అంటే విషయం మార్చకుండా వేషం మార్చొచ్చా?"

"భేషుగ్గా మార్చొచ్చు సార్."

మంత్రిగారు కుర్చీలోంచి లేచారు. "ముప్పై ఏళ్ల నుంచీ నేను చేస్తున్నది అదేనయ్యా! దానికో పేరుందని ఇప్పుడే తెలిసింది. సరే, ఫిర్యాదుల అక్షరాలు తెల్లగా చేయించు."

"పేజీ కూడా తెల్లగానే ఉంది సార్."

"అందుకే."

నేను ఒక్క లైను రాశాను. నాలుగు వేల చిల్లర ఫిర్యాదులు తెలుపులో కలిసిపోయాయి. ఒక్కటీ తొలగించలేదు. మంత్రిగారు దీనికి పారదర్శక పాలన అని పేరు పెట్టారు. గిట్టనివాళ్లు "పైన పటారం, లోన లొటారం" అన్నారు. గిట్టనివాళ్లు ఇంకేం అంటారు?

మూడోరోజున కుట్టుపని చేసే ఒకావిడ, మెడలో కొలత టేపుతోనే ఆఫీసుకు వచ్చింది.

"తమ్ముడూ, పెద్దాస్పత్రిలో డయాలసిస్ మిషను పాడైందని పదకొండుసార్లు రాశాను. ఇప్పుడు చూస్తే ఒక్కటీ లేదు. మా ఆయనకి వారానికి రెండుసార్లు పెట్టాలి. పెట్టి పదిరోజులైంది. ఒళ్లంతా వాచిపోయింది."

నేను నోరు తెరిచేలోగా డైరెక్టరు వచ్చాడు. "పోలేదమ్మా, అన్నీ భద్రంగా ఉన్నాయి. కనపడవు, అంతే."

"మరి మిషను?"

"ఆ శాఖ వేరు."

"మళ్లీ రాయనా?"

"రాయండమ్మా. మీ హక్కు కదా!"

నెల తిరక్కుండానే ఫిర్యాదులు లేని ఉత్తమ శాఖగా మాకు అవార్డు వచ్చింది. ఇవ్వడానికి ఒక రిటైర్డ్ జడ్జిగారిని పిలిచారు. పేజీ తెరిచి చూపించడానికి నన్ను వేదిక మీద మంత్రిగారి పక్కన నిలబెట్టారు. ఆయనకు చూపు లేదు. వేదిక మీద జేబులోంచి ఫోను తీసి, "ఆ పేజీ ఏదో ఒకసారి వింటానండీ," అన్నారు.

"వినడమేంటి, అది చూసే పేజీ కదా!" అని మంత్రిగారు నా చెవిలో గొణిగారు.

జడ్జిగారి ఫోను పేజీలో ఉన్న అక్షరాలన్నీ పైకి చదువుతుంది. దానికి తెలుపూ నలుపూ తెలియవు. మైకు పక్కనే ఉంది. పేజీలో ముందొచ్చేది పెద్దాస్పత్రే.

"పెద్దాస్పత్రి. డయాలసిస్ మిషను పనిచేయడం లేదు. దయచేసి బాగుచేయించండి." తారీఖు చదివింది. మళ్లీ అదే. మళ్లీ అదే. నాకు తల ఎత్తడానికి సిగ్గేసింది.

"ఈ పేజీ చూసే ఎంపిక చేశారా?" అని జడ్జిగారు అడిగారు.

"చూసే చేశామండీ," అన్నారు అవార్డు కమిటీవాళ్లు.

ఫోను ఆ కుట్టుపని ఆవిడ రాసిన పన్నెండోది చదివింది. "మా ఆయన మొన్న ఉదయం పోయారు. మిషను ఇక మాకు అవసరం లేదు. నా ఫిర్యాదులన్నీ వెనక్కి తీసుకుంటున్నాను."

జడ్జిగారు ఫోను ఆపేశారు. మంత్రిగారు మాత్రం కంగారుపడలేదు. అందుకే ఆయన మంత్రి. నా వైపు వంగి, మెల్లగా అన్నారు.

"చివరిది ఉందే, ఆ ఒక్కటి నల్లగా చెయ్యి. పెద్ద అక్షరాల్లో."