ఒక గడపకు ఒక పింఛను

ఒక ఇంటికి ఎన్ని తలుపులుండాలో నిర్ణయించే హక్కు ఆ ఇంట్లో కాపురముండేవాళ్లకు లేదు. ఈ సత్యం హిందూపురంలో అందరికన్నా ముందు తెలిసినవాడు శివశంకర్. అతను గృహద్వారాల శాఖలో సహాయకుడు, ఒకటో తారీఖున పింఛన్లు పంచేదీ అతనే. వీధిలోకి దిగకుండా ఒక ఇంట్లోంచి ఇంకో ఇంట్లోకి పోగలిగితే ఆ రెండూ ఒకే కుటుంబమనీ, ఒక కుటుంబానికి ఒకే పింఛననీ ఆ శాఖవారి నియమం. ఆ నియమం కింద శివశంకర్ ఎన్నో కుటుంబాలను కలిపాడు. (కలిసినవాళ్లెవరూ అతనికి మళ్లీ కాఫీ ఇవ్వలేదు.)

అట్లాంటి మహానుభావుడు తన పాత మిద్దెలో వంటింటికి టైల్స్ వేయించబోయాడు. బేల్దారి తిరుపాల్ పాత గార చెక్కుతుంటే గోడ డొల్లగా మోగింది. పక్కనే పెనుకొండ, రాజులు పోతూ పోతూ బంగారమంతా మన గోడల్లోనే దాచిపోయారని ఈ చుట్టుపక్కల ప్రతి ఇంటికీ ఒక నమ్మకం. శివశంకర్ మనసులో కారు కూడా కొనేశాడు. రంగు దగ్గరే తేలలేదు.

ఇటుకలు తీస్తే తలుపు బయటపడింది. నెడితే అవతల అడ్డంగా ఉన్న గోనెసంచులు జరిగాయి. అది పక్కింటి చిన్నమ్మ ఈరక్క వంటిల్లు. సంగటి కెలుకుతున్న ఆమె తెడ్డు పట్టుకుని అట్లే నిలబడిపోయింది.

ఆ రెండిళ్ల మధ్య మాటల్లేవు. శివశంకర్‌కు ఊహ తెలిసినప్పటినుంచీ లేవు. నాయనా, చిన్నాయనా ఏదో పెద్ద గొడవపడి గోడ కట్టుకున్నారని అతని నమ్మకం. వాళ్లిద్దరూ పోయాక, ఆ గొడవ పరువు నిలబెట్టే బాధ్యత తనదే అనుకుని, చిన్నమ్మ ఎదురైతే ముఖం తిప్పుకునేవాడు.

"గొడవా? ఏం గొడవరా?" అంది తల్లి సిద్ధమ్మ. "అప్పట్లో రెండు రేషన్ కార్డులు కావాలంటే నడాన గోడ ఉండాలన్నాడు ఆఫీసరు. నాలుగు దినాలకని మీ నాయన కట్టినాడు. ఆయప్ప తనిఖీకి రాకనే పాయ. గోడ అట్లనే ఉండిపాయ. గోడ ఉండాది కదా అని మాటలూ నిల్చిపాయ."

"మీరు మాట్లాడల్యాని మేమూ మాట్లాడల్యాక్కా," అంది ఈరక్క.

తోటికోడళ్లిద్దరూ గడప మీదే కూలబడి ఏడ్చారు, నవ్వారు, ఊరిబిండి నంజుకుని ఒకే తట్టలో సంగటి తిన్నారు. శివశంకర్‌కూ కళ్లు చెమర్చాయి. ఆ మురిపెంలో ఫోన్ తీసి ఫోటో కొట్టాడు.

ఉద్యోగం వేళ్లలోకి దిగితే ఏమవుతుందో అప్పుడు తెలిసింది. అతను తెరిచింది కెమెరా కాదు, శాఖవారి 'మన గడప' యాప్. "అంతర్గత ద్వారం గుర్తించబడింది. రెండు కుటుంబాలు కలపబడ్డాయి. అభినందనలు," అంది ఫోన్. ఈరక్క పింఛను ఆగిపోయింది. (ఆమె షుగరు మాత్రలు ఆ పింఛనులోనివే.)

తప్పు దిద్దమని శివశంకర్ శివశంకర్‌కు అర్జీ పెట్టుకున్నాడు. శివశంకర్ నిష్పక్షపాతంగా విచారించి తిరస్కరించాడు. పెనుకొండలో ద్వారాల ఉప పర్యవేక్షకుడు, తెరిచిన తలుపులు తన పరిధిలోకి రావనీ, మూసినవే వస్తాయనీ చెప్పి ధర్మవరం పంపాడు. ధర్మవరంలో గడపల సంయుక్త పరిశీలకుడు గంగాధర అంతా విని నిట్టూర్చాడు.

"గోడ కట్టేయబ్బా. కారణం కాడ 'కలహం' అని నొక్కు, వేరే కారణం యాప్‌లో ల్యా. నేనే వస్తా. ఆ ఆడోళ్లు నా ముందర కొట్లాడాల."

"నిజంగానా సార్?"

"అది మీ ఇష్టమప్పా. వీడియోలో మాటలు మాత్రం బాగా వినపడాల."

ఇంటికొచ్చి చెబితే సిద్ధమ్మ కొట్టిపారేసింది. "పింఛను పోతే పాయ, తలుపు ఉండనీరా. నా దాంట్లో సగం దానికిస్తా."

శివశంకర్ ఒప్పుకోలేదు. ఒక పింఛనును ఇద్దరు పంచుకోవడం నిబంధనలకు విరుద్ధం.

గంగాధర వచ్చిన రోజు ముసలమ్మలిద్దరూ ముందు సిగ్గుపడ్డారు. "కొంచెం గట్టిగా, అవ్వా," అన్నాడాయన ఫోన్ ఎత్తిపట్టి. సిద్ధమ్మ ఏదో ఒకటి అనాలి కదా అని మొదలుపెట్టింది.

"నా ఇత్తడి బిందె తీసకపోయి మళ్లా ఇచ్చినావేమే?"

ఈరక్క నవ్వబోయి ఆగింది. "అది నాది. మా అమ్మ పెట్టింది."

"మీ అమ్మా? మీ అమ్మ యాడ చూసింది ఇత్తడిని?"

"మా అమ్మ జోలికొస్తే బాగుండదక్కా!"

వీడియో ముగిసింది. గొడవ ముగియలేదు. ఉన్నవీ లేనివీ అన్నీ బయటికొచ్చాయి. శివశంకర్ మధ్యలో దూరి "చాలమ్మా, ఆయన పోయినాడు!" అని మొత్తుకున్నా వినిపించుకునే దిక్కు లేదు. తిరుపాల్ గోడ లేపేదాకా సాగింది, లేపాక రెండు వైపుల నుంచీ సాగింది.

ఒకటో తారీఖున శివశంకర్ పింఛను పంచడానికి వీధిలోకి దిగి, పక్కింటి వాకిట్లో నిలబడ్డాడు. "బాగుండావా చిన్నమ్మా?" అన్నాడు. ఈరక్క వేలిముద్ర వేసి, ముఖం తిప్పుకుని లోపలికి పోయింది. ఫోన్ ఆనందంగా మోగింది: "మీ సమస్య సంతృప్తికరంగా పరిష్కరించబడింది. ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?"

శివశంకర్ అయిదూ నొక్కాడు. (నాలుగు నొక్కితే మళ్లీ విచారణకు వస్తారు.)