టీ దాకా మౌనం

ఆ ఆదివారం పొద్దున సోహన్‌రాజ్ లోఢాగారు పెట్టుకున్న పని చాలా చిన్నది. జోధ్‌పుర్ నుంచి ఎడారికి వెళ్లాలి, అరుదైన బట్టమేక పిట్టను ఒక్కసారి కళ్లారా చూడాలి, ఇంటికి రావాలి. ప్రతి చలికాలమూ వెళ్తూనే ఉన్నారు. కొంగలు కనిపించాయి, గద్దలు కనిపించాయి, ఆ మహాతల్లి మాత్రం కనిపించలేదు. ఈసారి కంటి డాక్టరు సూటిగా చెప్పేశాడు, చూపు పోతోంది, చూడవలసినవేవైనా ఉంటే ఈ చలికాలమే చూసుకోండి అని. అప్పటి నుంచి ఆయనకు రొట్టె సయించడం లేదు.

ఆయన పెట్టిన నియమం ఒకటుంది. జీపు దిగింది మొదలు టీ తాగేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. విప్పినవాళ్లు మరుసటి వారం రానక్కర్లేదు. పోయిన నెల "అబ్బా, ముల్లు" అన్నందుకు సొంత బావమరిది గణపత్‌నే మాన్పించారు. తమ్ముడికి జరిగిన అవమానానికి భార్య చందన్ కొన్నాళ్లు ఆయనతో మాట్లాడలేదు. ఆయన దాన్ని సాధన అనుకుని సంతోషించారు.

దంపతులిద్దరూ ఇసుక దిబ్బ వెనక మట్టిరంగు దుప్పటి కప్పుకుని బోర్లా పడుకున్నారు. పొడుగాటి దుర్భిణి గొట్టం బయటికి పెట్టారు. తప్పిపోయిన ఒంటెను వెతుక్కుంటూ వచ్చిన భాఖరరామ్ బిష్ణోయికి ఆ దుప్పటి, తుపాకీలా ఆ గొట్టం కనిపించాయి. అడవి జంతువులను కన్నబిడ్డల్లా కాచే బిష్ణోయిల పొలాల్లో జింకపిల్ల మీద చెయ్యి పడితే ఊరు ఊరంతా లేస్తుంది. అతను కర్ర బిగించి పట్టుకుని, ఎవరయ్యా మీరు అని అడిగాడు. లోఢాగారు పెదవుల మీద వేలు పెట్టారు.

"నా పొలంలో పడుకుని నన్నే నోరు మూసుకోమంటావా?" అని భాఖరరామ్ ఒక్క కేక వేశాడు. చుట్టుపక్కల చేలల్లోంచి జనం వచ్చిపడ్డారు.

లోఢాగారు సైగలతో విన్నవించుకున్నారు. చేతులు బార్లా చాపి, పెద్ద పిట్ట అన్నారు. మెడ మీద చెయ్యి ఆడించి, పొడుగాటి మెడ అన్నారు. నోరు చూపించి, మాట్లాడకూడదన్నారు. జనానికి అంతా స్పష్టంగా అర్థమైంది. పెద్ద పిట్టను పట్టి, మెడ కోసి, తినేస్తాడట. ఉల్లిపాయ వాసనకే లేచి వెళ్లిపోయే జైన కుటుంబం లోఢాగారిది.

"ఏమ్మా, వండేది నువ్వేనా?" అని ఒక ముసలావిడ చందన్‌ను అడిగింది.

చందన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. మొగుడి కేసి చూసింది. ఆయన తల అడ్డంగా ఊపారు. ఈ మనిషి చూపుకు ఇదే ఆఖరి చలికాలమని గుర్తొచ్చి, పళ్లబిగువున ఊరుకుంది.

అటవీ శాఖ వాళ్లకు అప్పగిద్దామని ఇద్దరినీ ఊళ్లోకి నడిపించారు. జమ్మిచెట్ల మలుపు దగ్గర, ముందు నడుస్తున్న భాఖరరామ్ ఠక్కున ఆగిపోయాడు. గుంపంతా ఆగింది. కోసేసిన సజ్జ చేలో, నల్లటి నెత్తి, తెల్లటి మెడతో బట్టమేక పిట్ట తనకేం పట్టనట్టు నడిచిపోతోంది. భాఖరరామ్ మెల్లగా వెనక్కి తిరిగి, లోఢాగారి కేసి చూసి, పెదవుల మీద వేలు పెట్టాడు.

"చందన్! అదిగోనే, వచ్చిందే! చూశావా ఎంత బాగుందో!" అని లోఢాగారు దిబ్బలు దద్దరిల్లేలా అరిచి, భోరున ఏడ్చేశారు. పిట్ట బరువుగా రెక్కలు కొట్టుకుంటూ లేచిపోయింది.

భాఖరరామ్ కర్ర దించాడు. "ఈయన వేటగాడు కాదు," అన్నాడు. "ఈ గొంతుతో పిచ్చుక కూడా దొరకదు."

ఇంటికి తీసుకెళ్లి టీ ఇచ్చాడు. ఆ ముక్కేదో ముందే చెప్పి ఏడవచ్చు కదా అని కోప్పడ్డాడు కూడా. లోఢాగారు తడికళ్లతో నవ్వుతూనే ఉన్నారు. చందన్ ఒక గుక్క తాగి, అప్పుడు నోరు విప్పింది.

"మీరు టీకి ముందే మాట్లాడారు," అంది.

మరుసటి ఆదివారం చందన్, గణపత్ ఎడారికి వెళ్లారు. లోఢాగారు ఇంట్లో కూర్చుని బఠాణీలు ఒలిచారు.