మూడు వందల పన్నెండు టోకెన్లు

ఆదివారం ఉదయం ఆరున్నరకు పుష్పావతి కాఫీ తాగుతూ, ఆ రోజు కార్యక్రమం రాసుకున్న కాగితాన్ని మరోసారి చదువుకుంది. తొమ్మిదికి జనం తమ ఇళ్లలోని పాత వస్తువులతో రావాలి. పదికి వాటిని బల్లల మీద సర్దాలి. పదకొండుకు హెడ్డాఫీసు నుంచి డిప్యూటీ డైరెక్టర్ జయచంద్ర గారు వచ్చి మూడు వత్తుల దీపం గురించి మాట్లాడాలి. పన్నెండుకు చిత్రాన్నం పొట్లాలు. ఇందులో తప్పు జరగడానికి చోటు ఎక్కడుందో ఆమెకు ఎంత వెతికినా కనిపించలేదు.

అనంతపురం నగర జీవన మ్యూజియంలో ఆమె కార్యక్రమాల సమన్వయకర్త. మ్యూజియానికి మనుషులను రప్పించడమే ఆమె పని. ఊరి చివర పాత ధాన్యం గోదాములో పెట్టిన ఆ మ్యూజియానికి దారి తప్పినవాళ్లు తప్ప ఎవరూ రారు. పోయిన కార్యక్రమానికి ఏడుగురు వచ్చారు. వాళ్లలో నలుగురు సిబ్బంది, ఒకాయన ఎండకు తాళలేక ఫ్యాను కింద నిలబడ్డవాడు. ఈసారి రెండు వందల మంది రాకపోతే నెలాఖరుకు ఆమె కాంట్రాక్టు ముగిసినట్టేనని హెడ్డాఫీసు ఉత్తరం రాసింది. కదిరిలో ఉన్న తల్లికి మాత్రం పుష్పావతి ఏడాది కిందటే ఉద్యోగం పర్మనెంటు అయిందని చెప్పేసింది. ఆ తల్లి వీధంతా చెప్పుకుంది.

ఏడు గంటలకు వాచ్‌మన్ కుళ్లాయప్ప ఫోన్ చేశాడు.

"మేడమ్, జనం వచ్చినారు."

పుష్పావతి గుండె ఎగిరింది. "అప్పుడేనా? ఎంతమంది కుళ్లాయప్పన్నా?"

"లెక్క తెలీదు. గేటు వంగింది."

ఆమె స్కూటీ మీద హడావుడిగా వెళ్లింది. వరుస గోదాము చుట్టూ ఒక చుట్టు తిరిగి రోడ్డు మీదికి పోయింది. అయితే జనం చేతుల్లో ఆమె ఊహించిన తాళపత్రాలు, ఇత్తడి చెంబులు, తాతల నాటి కత్తులు లేవు. పగిలిన ప్లాస్టిక్ బిందెలున్నాయి. కాలిపోయిన మిక్సీలు, చీరల మూటలు, రెక్కలు లేని కూలర్లు, మూడు కాళ్ల కుర్చీలు ఉన్నాయి. ఈరన్న అనే ఆసామి ఇంజను లేని మోపెడ్‌ను తోసుకుంటూ తెచ్చాడు.

"ఏమమ్మా, స్టీలు బండి ఎప్పుడొస్తాది?" అని అడిగాడతను. "ఈ బండికి బిందె ఇస్తారా, గుండిగ ఇస్తారా?"

పుష్పావతికి ఒక్క ముక్క అర్థం కాలేదు. వెంటనే ఆటో ప్రచారం రామాంజికి ఫోన్ చేసింది. రెండు రోజులుగా మైకు కట్టుకుని ఊరంతా, చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగినవాడు అతనే.

"రామాంజీ, నేను రాసిచ్చిందేమి, నువ్వు చెప్పిందేమి?"

"మీరు రాసిందే చెప్పినా మేడమ్. ఇంట్లో ఉండే పాత వస్తువులు తీసుకొని మ్యూజియంకు రండి అని. ఆడికి ఆపేసినారు మీరు. పాత సామాను తెస్తే ఏమిస్తారో రాయనే లేదు. మర్చిపోయినట్టుండారులే అని, కొత్త స్టీలు సామాన్లు ఇస్తారని నేనే కలిపినా."

"ఎవరు కలపమన్నారు నిన్ను?"

"పదకొండేళ్లుగా స్టీలు మేళాలకు మైకు కడతాండా మేడమ్. ఊరికే పాత సామాను తెచ్చియ్యమంటే ఎవురొస్తారు? మీ మంచికే కదా!"

అతని గొంతులో నిజంగానే ప్రేమ ఉంది. అందుకే పుష్పావతికి ఏడుపొచ్చింది. వెంటనే మళ్లీ ఊరంతా తిరిగి, స్టీలు సామాన్లు ఇవ్వడం లేదని చెప్పమంది. రామాంజి ఆ పని శ్రద్ధగా చేశాడు. దాంతో అంతవరకూ విషయం తెలియని పేటలకు కూడా తెలిసిపోయింది. ఇవ్వడం లేదని ఇంత గట్టిగా అరుస్తున్నారంటే సరుకు తక్కువగా ఉందన్నమాట, తొందరగా పోవాలి అనుకున్నారు జనం. తొమ్మిది కొట్టేసరికి వరుస రెండు చుట్లయింది.

ఆమె లోపల తల పట్టుకుని కూర్చున్న సమయంలో గేటు దగ్గర తోపులాట మొదలైంది. కుళ్లాయప్ప మ్యూజియానికి రాకముందు ఆసుపత్రి గేటు దగ్గర పదేళ్లు పనిచేశాడు. జనం కనబడితే అతని చెయ్యి దానంతట అది టోకెన్ల వైపు పోతుంది. పాత కరపత్రాలు చింపి, వెనక నంబర్లు వేసి, గట్టిగా ఉంటుందని ఆఫీసు ముద్ర కూడా గుద్ది పంచేశాడు. తోపులాట ఆగింది. అందరూ హాయిగా నీడకు చేరారు.

"మూడు వందల పన్నెండు ఇచ్చినా మేడమ్," అన్నాడు వచ్చి, మెప్పు కోసం చూస్తూ. "ఎవురూ కొట్లాడకుండా కూచున్నారు."

"ముద్ర ఎందుకు వేసినావన్నా?"

"ముద్ర లేకపోతే నమ్మరు కదా."

పుష్పావతి బయటికొచ్చి, స్టీలు సామాన్లు లేవని తానే మైకులో చెప్పింది. ముందు వరుసలో ఈరన్న తన టోకెను ఎత్తి చూపించాడు. "మరి ఈ సీలు ఎవురిదమ్మా?" అన్నాడు.

సరిగ్గా పదకొండుకు జయచంద్ర గారి కారు వచ్చింది. ఆయన దిగి జనాన్ని చూశాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. ఈ మ్యూజియంలో ఉన్న మూడు వత్తుల దీపం మీద ఆయన నలభై పేజీల వ్యాసం రాశాడు. దాన్ని ఆయన భార్య కూడా పూర్తిగా చదవలేదు.

"నా దీపం కోసం ఇంతమందా, పుష్పావతి గారూ?" అన్నాడు.

నిజం చెప్పడానికి పుష్పావతి నోరు తెరిచింది. కదిరి వీధి కళ్లముందు మెదిలింది. ఆయన్ను మైకు వైపు నడిపించింది.

దీపాన్ని అద్దాల పెట్టెలోంచి తెప్పించి, మైకు ముందు బల్ల మీద పెట్టించాడు జయచంద్ర. అడుగున మూడు రంధ్రాలున్న, నల్లబడిన చెక్క గిన్నె అది. "పద్నాలుగో శతాబ్దం," అని మొదలుపెట్టాడు. "ఈ మూడు రంధ్రాల్లో మూడు వత్తులు వెలిగించి మన పూర్వీకులు వరుణుణ్ణి ఆరాధించేవారు." స్టీలు కంపెనీ ఓనరు ఏదో ప్రార్థనతో మొదలుపెట్టాడనుకుని జనం ఓపిగ్గా విన్నారు.

మొదటి వరుసలో కూర్చున్న మారెమ్మ లేచింది. గుంతకల్లు దోవలో ఒక పల్లె నుంచి తెల్లారుజామున బస్సెక్కి, చిల్లు బిందెతో వచ్చిన కూలిమనిషి. ఒకటో నంబరు టోకెను ఆమెదే.

"సామీ, అది కట్టెది కదా?"

"అవునమ్మా. మద్ది కర్ర."

"కట్టె దీపం అంటిస్తే దీపమే కాలిపోతాది కదయ్యా!"

వెనక ఎవరో నవ్వారు. నలభై పేజీల్లో ఎక్కడా ఈ ప్రశ్న లేదు. జయచంద్ర మంచినీళ్లు తాగాడు. ఈలోగా మారెమ్మ బల్ల దగ్గరికి వచ్చి గిన్నెను చేతిలోకి తీసుకుంది.

"ఇది జడ్డిగం సామీ. ఎద్దులు లాగే గొర్రు మీద పెట్టి, ఇత్తనాలు దీంట్లో వేస్తాము. గొర్రు పట్టేది మొగోళ్లు, ఇత్తనం వేసేది మేము. ముప్పై ఏండ్లు వేసినా నేను." ఆమె ముందు వరుసలో వేరుశెనగలు నములుతున్న ఈరన్న జేబులోంచి వేయించిన గింజలు పిడికెడు తీసి గిన్నెలో వదిలింది. అవి మూడు ధారలుగా దిగి జయచంద్ర బూట్ల మీద సమానంగా పడ్డాయి.

జనం ఈలలు వేశారు. జయచంద్ర ముఖం పాలిపోయింది. ఆయన పుష్పావతి వైపు చూసిన చూపుతో ఆమె ఉద్యోగం అక్కడికక్కడే పోయినట్టయింది. ఆమెకు భయం వేసింది, దాంతోపాటు ఆయన మీద జాలి కూడా వేసింది. తెలుసనుకున్న విషయం అందరి ముందు తప్పని తేలడం ఎవరికైనా కష్టమే.

మారెమ్మ కూడా ఆ ముఖం చూసింది. జనం వైపు తిరిగింది.

"ఏమప్పా, నగుతాండారు? సారుకు తెలీదనుకుంటిరా? ట్రాక్టర్లు వచ్చినాక మనము మరిచిపోయినామో లేదో అని పరీక్ష పెట్టినాడు. అంతే కదా సామీ?"

జయచంద్ర మైకును దగ్గరికి లాక్కున్నాడు. "సరిగ్గా అంతే," అన్నాడు. ఈసారి చప్పట్లు నిజంగా ఆయనకే పడ్డాయి.

పోయిన పరువు తిరిగొచ్చిన ఊపులో ఉన్న ఆయన ముందుకు ఈరన్న వచ్చాడు. "అంతా బాగుండాది సార్. స్టీలు సామాన్లు యాడ?" అంటూ టోకెను ఎత్తాడు. అతని వెనక మూడు వందల పదకొండు టోకెన్లు లేచాయి. జయచంద్ర ఒకటి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. విషయం ఏమిటో ఆయనకు తెలియదు. ముద్ర మాత్రం తెలుసు.

"మా ముద్ర ఉన్న ప్రతి కాగితానికీ మా సంస్థ బాధ్యత వహిస్తుంది!" అని మైకులో ప్రకటించి, చిత్రాన్నం పొట్లం కూడా తీసుకోకుండా కారెక్కేశాడు.

గురువారం హెడ్డాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. పుష్పావతి దాన్ని నిలబడే చదివింది. సదరు కార్యక్రమానికి మూడు వందల పన్నెండు మంది హాజరైనట్టు టోకెన్లే రుజువు. దీపం పేరు తీసేసి 'జడ్డిగం, గుర్తించినవారు: డాక్టర్ జయచంద్ర' అని కొత్త చీటీ పెట్టాలి. టోకెన్లు పొందినవారికి స్టీలు గిన్నెలు నెలకు పదమూడు చొప్పున మంజూరు చేయడమైనది. ఆ మూడు వందల పన్నెండు మందికి సమాధానం చెప్పడానికి బాధ్యురాలైన మనిషి ఉండాలి కనుక, పంపిణీ పూర్తయ్యేదాకా పుష్పావతి కాంట్రాక్టు పొడిగించడమైనది.

పుష్పావతి కొత్త చీటీ రాయించింది. జయచంద్ర పేరుకు ముందు మారెమ్మ పేరు చేర్చింది. తనిఖీకి ఆయన ఎలాగూ రాడు. ఒకటో నంబరుకు మొదటి గిన్నె ఇచ్చిన రోజు ఆ చీటీ చదివి వినిపించింది. మారెమ్మ గిన్నె అంచును గోటితో కొట్టి, మోత విని, "మందంగానే ఉండాది," అంది. పోయేముందు జడ్డిగం పెట్టిన అద్దాన్ని కొంగుతో ఒకసారి తుడిచింది.

ఆమె గేటు దాటాక కుళ్లాయప్ప వేళ్ల మీద లెక్క కట్టాడు. "నెలకు పదమూడంటే రెండేండ్లు మేడమ్. తొందరపడి ఇచ్చేయాకండి."

ఆ నెల నుంచి పుష్పావతి పన్నెండే పంచుతోంది.